రొట్టెల గది అయ్యాద్

మా చర్చికి ఒక అబూనా, అంటే పూజ చేసే ఫాదరు, రాకపోతే ఇంకో అబూనా వస్తారు. అయ్యాద్ రాకపోతే మాత్రం పూజ లేదు. ఈ మాట నేనంటే కైరోలో మా షుబ్రా పేటలో సగంమంది నన్ను కసురుకుంటారు. రొట్టె లేకుండా బలిపీఠం మీద ఏం పెడతారో వాళ్ళనే చెప్పమనండి.

చర్చి వెనక, నీళ్ళ పంపుల పక్కన ఒక చిన్న గది ఉంది. మేము ఆ రొట్టెల గదిని బేత్లెహేము అంటాం, అంటే రొట్టె ఇల్లు అని. అందులో ఒక పొయ్యి, ఒక రాతి తొట్టి, గోడకి దావీదు కీర్తనల పుస్తకం. ఆ గదిలో పిండి కలిపేవాడు పరగడుపున ఉండాలి, కబుర్లు చెప్పకూడదు, కలుపుతున్నంతసేపూ కీర్తనలు చదువుతూనే ఉండాలి. ఉప్పు లేని ఆ పిండిని ఉండలు చేసి, మీద శిలువల ముద్ర గట్టిగా ఒత్తి కాలుస్తారు. పూజ మొదట్లో బుట్టెడు రొట్టెలు అబూనా ముందుకు వస్తే, ఆయన ఒక్కొక్కటీ తిప్పి చూసి, పగులు లేనిది, మచ్చ లేనిది ఒకటి ఏరుకుంటారు. అదే బలిపీఠం ఎక్కుతుంది. మిగతావి పూజ అయ్యాక మా అందరి చేతుల్లోకీ వస్తాయి.

అయ్యాద్ దక్షిణాన సోహాగ్ వైపునుంచి వచ్చినవాడు. ఆ ప్రాంతపు మొండితనం మీద కైరోలో ఉన్నన్ని జోకులు ఇంక దేనిమీదా లేవు. అవన్నీ అయ్యాద్‌కి వచ్చు. తనే చెప్పి తనే ముందు నవ్వేవాడు. చర్చి కమిటీవాళ్ళు ఒకసారి ఎంతో ముచ్చటపడి పిండి కలిపే యంత్రం తెచ్చి ఇస్తే, దాని చుట్టూ తిరిగి చూసి, "బాగుంది. కీర్తనలు ఎన్ని వచ్చో కనుక్కున్నారా?" అన్నాడు. ఆ యంత్రం ఇప్పుడు ఆదివారం బడి పిల్లలకి కేకులు చేసే గదిలో ఉంది.

నేను ఫిక్రియాని. రొట్టెల గదికి ఎదురుగా, ఆవరణలో, నానబెట్టిన చిక్కుడు గింజలు రుబ్బి తామియా వేయిస్తాను. పూజ అయ్యేదాకా నోట్లో మంచినీళ్ళు కూడా పోసుకోని జనం బయటికి రాగానే తినేది నా తామియాయే. నా మూకుడు దగ్గర నిలబడితే రొట్టెల గది తలుపు నేరుగా కనబడుతుంది. కాబట్టి అయ్యాద్ సంగతి నాకు తెలిసినంత బాగా, అతని భార్య గలీలాకి తప్ప, ఇంకెవరికీ తెలియదని గట్టిగా చెప్పగలను. వాళ్ళకి పిల్లలు లేరు. గలీలా దాన్ని తలుచుకుని ఏడ్చినప్పుడల్లా అతను, "రోజూ బుట్టెడు బిడ్డల్ని కంటున్నానుగా, వాటిలో ఒకణ్ణి దేవుడే ఎత్తుకుంటున్నాడుగా" అనేవాడు.

తొట్టి మీద వంగి వంగి అతని నడుము పాడైపోయింది. మొదట లేచేటప్పుడు గోడ పట్టుకునేవాడు. తరవాత కూర్చునేటప్పుడు కూడా పట్టుకున్నాడు. ఒక ఉదయం తొట్టి మీద వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నేను, గలీలా, చర్చి గేటు దగ్గర కాపలా ఉండే పోలీసు కుర్రాడు కలిసి అతన్ని బల్లమీద పడుకోబెట్టాం. నోటితో మాత్రం కీర్తన ఆపలేదు. ఆ పూట పూజకి రొట్టె పక్క చర్చినుంచి అరువు తెచ్చారు. అది చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నొప్పికి కాదు, రొట్టెకి.

మా చర్చి దవాఖానాలో ఒళ్ళు సాగదీసి వైద్యం చేసే డాక్టరమ్మ ఉంది, ఇరీనీ అని. సన్నటి మనిషి, మాట మాత్రం ఇనప కడ్డీ. ఆమె అయ్యాద్‌ని నేలమీద పడుకోబెట్టి, పిల్లిలా నడుము పైకెత్తమంది, పాములా ఛాతీ లేపమంది, మోకాళ్ళమీద కూర్చుని నుదురు నేలకి ఆనించి ఊపిరి నెమ్మదిగా తీసి వదలమంది.

"ఏంటమ్మా ఇది, జంతువుల సర్కసా?" అన్నాడట.

"యోగా. రోజూ చెయ్యి, రొట్టెలు చేస్తావు. మానెయ్యి, మంచం ఎక్కుతావు" అందట.

చేశాడు. పిండి ముసుగేసి పొంగడానికి వదిలాక, ఖాళీ గోనెసంచి నేలమీద పరుచుకుని, తలుపు దగ్గరగా వేసుకుని చేసేవాడు. నెలలు గడిచేకొద్దీ గోడ పట్టుకోవడం పోయింది. పిండి బస్తా మళ్ళీ తనే లాక్కుంటున్నాడు. నాతో మళ్ళీ జోకులు. ఆ రోజుల్లో అతని రొట్టె ఎలా వచ్చేదంటే, అబూనా బుట్టలో వెతుక్కునే పనే లేదు, ఏది తీసినా పనికొచ్చేదే.

ఒకరోజు నేనే అడిగాను, "ఆ ఊపిరి ఎంతసేపు పట్టాలో ఎలా తెలుస్తుందన్నా నీకు? గడియారం కూడా లేదుగా."

"గడియారం ఎందుకు చెల్లెమ్మా? లోపలికి పీల్చేటప్పుడు 'ప్రభువా' అనుకుంటా. వదిలేటప్పుడు 'కనికరించు' అనుకుంటా. డాక్టరమ్మ లెక్కపెట్టమంది. ఆ గదిలో ఉత్తి అంకెలు లెక్కపెట్టడం నాకు బాగాలేదు. వచ్చినప్పట్నుంచీ ఆ గదిలో ప్రార్థన తప్ప ఇంకో మాట అనలేదు కదా."

చూశారా, ఎంత పిచ్చి మనిషో. అది మంచి పనిలో ఇంకో మంచి పని కలపడమే అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

ఆ చలికాలంలో బుధవారం ప్రార్థనకూటానికి బయటినుంచి ఒక ఉపన్యాసకుడు వచ్చాడు. మెడకి గుడ్డ చుట్టుకుని, గొంతు తగ్గించి మాట్లాడే రకం. యోగా అంటే కసరత్తు కాదని, అది హిందువుల ఆరాధన అని, ఒక్కో భంగిమ ఒక్కో దేవుడికి పెట్టే దణ్ణం అని, తెలియకుండా చేసినా తలుపు తెరిచినట్టే అని చెప్పాడు. ఆడవాళ్ళు శిలువ గీసుకున్నారు. అయ్యాద్ వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. నేను తిరిగి చూస్తే మొహంలో నెత్తురు చుక్క లేదు.

మర్నాటినుంచి ఆవరణలో వెక్కిరింపు మొదలైంది. మా ఊళ్ళో ఎవరైనా మనల్ని మోసం చెయ్యబోతే, "నన్నేమన్నా హిందీవాణ్ణనుకున్నావా?" అంటాం. హిందీవాడంటే ఇండియా మనిషి; అంత అమాయకుణ్ణి కానని అర్థం. ఎప్పటినుంచో ఉన్న మాట, ఎందుకు పుట్టిందో నాకు తెలియదు. ఇప్పుడు దాన్ని తిప్పి అయ్యాద్ మీద వేశారు. "హిందీవాడొచ్చాడు, దారివ్వండి" అని ఒకడు, "అయ్యాద్, ఏనుగెక్కడ కట్టేశావు?" అని ఇంకొకడు. అతను నవ్వాడు, నవ్వు పెదాల దగ్గరే ఆగింది. ఒకావిడ మాత్రం, పేరు చెప్పను కాని రోజూ నా దగ్గరే తామియా తింటుంది, పూజ అయ్యాక రొట్టె అందుకుంటూ, "ఇది ఆ యోగా చేతులతో చేసిందేనా?" అని అందరికీ వినబడేట్టు అడిగింది. ఆ రోజు ఆవిడ తామియాలో నేను కారం ఎక్కువేశాను.

సందు చివర మోటార్లు బాగుచేసే హాజీ షాబాన్ నా దగ్గరికి తామియా కోసం వచ్చి ఈ గొడవ విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా మసీదు షేకు మా ఆవిడకి కూడా ఇదే చెప్పాడమ్మా, యోగా చేస్తే ఇస్లాం పోతుందని. పోన్లే, ఇన్నాళ్ళకి మీవాళ్ళూ మావాళ్ళూ ఒక్క మాటమీద నిలబడ్డారు!"

"మరి మీ ఆవిడ మానేసిందా?"

"మానేస్తే నా బతుకు బాగుండును. తలుపేసుకుని చేస్తోంది. మోకాళ్ళు బాగయ్యాయి, ఇప్పుడు నాకంటే ముందు మెట్లెక్కుతోంది."

అయ్యాద్ కూడా తలుపేసుకుని చేసుకుంటే అయిపోయేది. అదే చెప్పాను. "నోరు మూసుకుని చేసుకో అన్నా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. అతను నావైపు ఎలా చూశాడంటే, రొట్టెలో ఉప్పు వెయ్యమన్నట్టు. మనసులో ఏదైనా మెలిక పడితే ఒప్పుకోలు వినే అబూనా దగ్గర విప్పకుండా ఉండడం అతనికి చేతకాదు. పెళ్ళికి, ఇల్లు మారడానికి, ఆఖరికి పిల్లలు పుట్టలేదని ఇంకో డాక్టరు దగ్గరికి పోవడానికి కూడా అబూనా అర్మియా మాటే. ఆయనా అయ్యాద్‌ని కొడుకులాగే చూసేవారు. అది నేను కాదనను.

వెళ్ళి అన్నీ చెప్పాడు. ఏం చెప్పాడో, ఆయనేమన్నారో ఆ సాయంత్రం నా మూకుడు పక్కన కూర్చుని అతనే నాకూ గలీలాకీ చెప్పాడు.

"కసరత్తయితే కసరత్తులాగే చేసేవాడివి కదరా అన్నారు. ప్రార్థన ఎందుకు కలిపావన్నారు."

"ఏం చెప్పావు?" అంది గలీలా.

"శుభ్రంగా ఉంటుందని కలిపానన్నా. శుభ్రంగా లేదని నీ మనసుకి తోచబట్టేగా కలిపావు అన్నారు. ఒకడి భంగిమ, ఇంకొకడి ప్రార్థన, రెండూ కలిపి ఒక కొత్త పూజ చేశావు, అదీ ఎక్కడ? రొట్టెల గదిలో అన్నారు. నా దగ్గర జవాబు లేదు."

"నా దగ్గరుంది, పద" అన్నాను నేను.

"వద్దు చెల్లెమ్మా. మానెయ్యమన్నారు. మానేశాను."

అంతే. రెండో మాట లేదు. సంచి మడత పెట్టి అటక మీద పడేశాడు.

నేను ఊరుకునే రకం కాదు. అబూనా ఆవరణలోకి వచ్చినప్పుడు ఎదురు నిలబడి అడిగాను. "అబూనా, పెద్ద ఉపవాసంలో మాచేత మీరు రోజూ సాష్టాంగాలు చేయిస్తారు. నుదురు నేలకి ఆనిస్తాం, లేస్తాం, మళ్ళీ ఆనిస్తాం. అతను చేసిందీ నుదురు నేలకి ఆనించడమే. ఇందులో దేవుడేడి, అందులో దెయ్యమేది?"

"నీ తామియాలో ఉప్పెంత వెయ్యాలో నేను చెప్పానా ఫిక్రియా?" అన్నారు నవ్వుతూ. నేను నవ్వలేదు. ఆయనా నవ్వు ఆపేశారు. "విను. నేను చదువుకున్నదాంట్లో ఈ యోగా గురించి ఏమీ లేదు. తప్పో కాదో నాకూ గట్టిగా తెలీదు. తెలీనప్పుడు వద్దనడమే నా పని. అతను చాకలివాడో కంసాలో అయితే ఒక కన్ను మూసుకునేవాణ్ణి. అతని చేతిలోంచి వచ్చింది ఊరంతా నోట్లో పెట్టుకుంటుంది. మొన్న ఒకావిడ అడిగిన మాట నేనూ విన్నా. రేపు పదిమంది కలిసి ఆ చేతుల రొట్టె మాకొద్దంటే? నేనతన్ని ఆ గదిలోంచి పంపెయ్యాలి. పంపితే బతుకుతాడా?"

నాకు కోపం వచ్చింది. ఆయన మాటలో ప్రేమ ఉంది, భయమూ ఉంది. ఏది ఎంత అన్నది నేను తేల్చలేకపోయాను.

డాక్టర్ ఇరీనీ కూడా అబూనా దగ్గరికి వెళ్ళింది. మోకాలికి మతం లేదని, వెన్నెముకకి బాప్తిస్మం ఇవ్వలేదని ఏదో గట్టిగానే మాట్లాడిందట. లాభం లేక అయ్యాద్ దగ్గరికి వచ్చింది. "దీనికి యోగా అనే పేరే వద్దు. నడుము వైద్యం అందాం. ఇదే చెయ్యి, నీకు కాగితం మీద రాసిస్తాను, ఎవరూ ఏమీ అనరు" అంది.

"పేరు మారిస్తే మనుషులు మోసపోతారమ్మా. దేవుడు కూడా మోసపోతాడా?" అన్నాడు అయ్యాద్.

"దేవుడికి నీ నడుము నొప్పి తెలుసు కదా!"

"తెలుసు. అందుకే ఆయన్నే చూసుకోమంటున్నా."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోవడం చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది. విధేయత అంటే ఇదేనా, ఒక మనిషి నిలువునా విరిగిపోతుంటే చూస్తూ కూర్చోవడమా? ఈ కోపం నాకు ఇవాళ్టికీ చల్లారలేదు.

శ్రమల వారం ముందు వచ్చే పెద్ద ఉపవాసం మొదలైంది. ఆ రోజుల్లో మాకు రోజూ పూజే, రోజూ రొట్టే. సాయంత్రం దాకా పస్తు. ఆ పస్తు కడుపుతో నొప్పి మాత్రలు మింగకూడదని గలీలా పోరింది. సాయంత్రం ఒక్కసారే గుప్పెడు మింగేవాడు. నడుముకి అడ్డంగా బట్ట బిగించి కట్టుకుని, తొట్టి అంచుకి ఛాతీ ఆనించి, చేతులతో మాత్రమే పిసికేవాడు. కీర్తనల మధ్య మూలుగు వినబడేది. రొట్టెల మీద ముద్ర సరిగా పడేది కాదు, ఒత్తడానికి బలం చాలక. బుట్టలో అబూనా వెతకడం మొదలైంది. ఒకరోజు ఆయన బుట్ట అంతా తిప్పి, ఆఖరికి కొంచెం పగులున్నదాన్నే తీసుకున్నారు. అయ్యాద్ అది చూశాడు. కమిటీలో ఎవరో, ఇంకొకణ్ణి చూడాలేమో అన్నారని తెలిసింది.

మట్టల ఆదివారం ముందు శుక్రవారం రోగులకి నూనె రాస్తారు. వరసలో నిలబడి రాయించుకున్నాడు. శనివారం మధ్యాహ్నం రేపటి రొట్టెలకి పిండి తీశాడు. మట్టల ఆదివారం అంటే ఏడాదంతా చర్చి మొహం చూడనివాళ్ళు కూడా వస్తారు, మామూలుకి ఎన్నో రెట్లు రొట్టె కావాలి. తొట్టి నిండా పిండి పోసి, నీళ్ళు పోసి, వంగబోతే నడుము పట్టేసింది. అంగుళం వంగలేదు.

ఆ తరవాత గదిలో జరిగిందంతా అతను ఆదివారం రాత్రి ఇంట్లో గలీలాకి చెప్పాడు, గలీలా నాకు చెప్పింది. చాలాసేపు అలాగే నిలబడ్డాడట. ఎవర్నన్నా పిలిస్తే ఇంకొకడు వచ్చి తొట్టిలో చేతులు పెడతాడు, ఇక ఆ గది తనది కాదు. అటక మీంచి సంచి తీశాడు. తలుపు గడియ వేశాడు. నేలమీద పడుకుని, పిల్లిలా, పాములా, డాక్టరమ్మ చెప్పినవన్నీ చేశాడు. నెమ్మదిగా నడుము వదులైంది. లేచి పిండి కలిపాడు.

అలాంటి రొట్టె నేనెప్పుడూ చూడలేదు. ముద్రలో ఒక్కొక్క శిలువా విడివిడిగా కనబడింది. ఆదివారం పొద్దున్న అబూనా బుట్ట చూసి మొహం విప్పార్చుకున్నారట. పిల్లలు ఈతాకులు అల్లి చేసిన శిలువలు, గాడిదలు, కిరీటాలు పట్టుకుని ఆవరణంతా తిరుగుతున్నారు. నేను తలెత్తకుండా వేయిస్తున్నాను. తలెత్తి చూస్తే అయ్యాద్ గోడ పక్కన మెట్టుమీద కూర్చుని ఉన్నాడు.

"లోపలికి పోలేదేం? సత్ప్రసాదం ఇస్తున్నారు."

"తీసుకోను."

"ఎందుకు?"

చెప్పాడు. మానేస్తానని అబూనాకి ఇచ్చిన మాట తప్పానన్నాడు. ఆ చేతులతోనే ఊరందరికీ రొట్టె చేశానన్నాడు. లోపలినుంచి పాట మారింది. మట్టల పండగ పాట ఆగి, చావు పాట ఎత్తుకున్నారు. మాలో అదొక పద్ధతి. ఆ మర్నాటినుంచి శ్రమల వారం. ఆ వారంలో ఎవరు పోయినా వాళ్ళకి ధూపం వెయ్యరు, అంత్యక్రియల ప్రార్థన చదవరు, క్రీస్తు శ్రమలు తప్ప ఇంకో దుఃఖానికి చోటుండదు. అందుకని ఆదివారమే బతికున్న అందరికీ ముందుగా అంత్యక్రియల ప్రార్థన చదివేసి, అందరిమీదా నీళ్ళు చల్లుతారు. ఆ వారంలో పోతే అదే చాలు.

"లే అన్నా, అందరి అంత్యక్రియలూ అయిపోతున్నాయి, నీదొక్కటీ మిగిలిపోతుంది" అన్నాను. హాస్యానికే అన్నాను.

"ఆ నీళ్ళు నామీద పడాల్సినవి కావు చెల్లెమ్మా."

జబ్బ పట్టుకుని లాగాను. అతను నాకంటే బరువు. "గురువారం అబూనాకి చెప్పేస్తా. ఈ మూడు రోజులూ ఆయనకి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. చెప్పి, క్షమించమని, అప్పుడు లోపలికి వస్తా" అన్నాడు. గుమ్మంలోంచి నీళ్ళు విసిరే చప్పుడు, పిల్లల కేరింతలు వినబడ్డాయి. అయ్యాద్ కాళ్ళు ఇంకా వెనక్కి లాక్కుని కూర్చున్నాడు.

నేను ఆ పూటే గలీలాకి చెప్పాను. ఆమె ఇంట్లో యుద్ధం చేసింది. "ఒక్క నడుము వంచితే దేవుడు నిన్నొదిలేస్తాడా? అంత చిన్నవాడా నీ దేవుడు?" అని అరిచిందట. అతను, "దేవుడు వదిలాడని నేననలేదే. నేనే అబూనా మాట వదిలాను" అన్నాడట. మళ్ళీ అదే గురువారం మాట.

మంగళవారం చర్చి అంతా నల్ల తెరలు. పగటి చదువులు జరుగుతున్నాయి. గురువారం పూజకి పిండి బస్తా వచ్చింది. బండివాడు దించి వెళ్ళాడు. అయ్యాద్ దాన్ని గుమ్మం దాటించబోయి, దానిమీదే బోర్లా పడ్డాడు. నేను చేతిలో గరిట పారేసి పరిగెత్తాను. మొహమంతా పిండి. కళ్ళు తెరిచే ఉన్నాయి. గుండె ఆగిపోయిందని దవాఖానా డాక్టరు చెప్పాడు. సాయంత్రాలు గుప్పెడేసి మింగిన ఆ నొప్పి మాత్రలే గుండెని తినేశాయేమో అని ఇరీనీ అంది, అని గోడకి తల ఆనించుకుని ఏడ్చింది. అదే నిజమో, అతని ఆయుష్షే అంతో, ఎవరికి తెలుసు.

బుధవారం అయ్యాద్ శవపెట్టెని చర్చిలోకి తెచ్చారు. ధూపం లేదు. అతని పేరున ప్రార్థన లేదు. ఆ వారంలో ఎవరికీ ఉండదని మాకందరికీ తెలుసు. అయినా ఆ నల్ల తెరల మధ్య పెట్టె అలా ఊరికే ఉండడం నేను చూడలేకపోయాను. ఆనాటి చదువులు చదివారు. అవి క్రీస్తుని ముప్పై వెండి నాణేలకి అమ్మేసిన సంగతి. అయ్యాద్ సంగతి ఎక్కడా లేదు.

చదువులు అయ్యాయి. పెట్టె ఎత్తడానికి నలుగురూ వంగారు. గలీలా లేచి అడ్డం వచ్చింది. పొద్దుటినుంచీ ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు ఆమె.

"అబూనా, ఆదివారం నీళ్ళు చల్లినప్పుడు ఈయన లోపల లేడు."

అబూనా అర్మియా ఆమెవైపు అర్థం కానట్టు చూశారు. ఆమె అక్కడే, అందరి ముందూ, సంచి సంగతి, గడియ సంగతి, రొట్టెల సంగతి చెప్పేసింది. "గురువారం మీకు చెప్పాలనుకున్నాడు. ఈ వారం మీకు తీరిక ఉండదని ఆగాడు."

ఆయన తన కుడిచేతిని చూసుకున్నారు. ఆ మట్టల ఆదివారం రొట్టె ఎంచుకున్న చెయ్యి అది. "అమ్మా... ఆ ప్రార్థన లోపలున్నవాళ్ళకే అని లేదు. అందరికీ చెల్లుతుంది" అన్నారు.

"నాకు తెలుసు. ఈయనకి తెలీదు."

"అతను చేసింది... అది తప్పు కాదు తల్లీ. నాకు తెలీక, భయపడి అన్నాను."

"నాకెందుకు చెబుతారు?" అంది గలీలా. గొంతు పెంచలేదు. "నేనెప్పుడన్నా తప్పన్నానా? ఈయన నా మాట నమ్మలేదు. ఇరీనీ మాట నమ్మలేదు, ఈ ఫిక్రియా మాట నమ్మలేదు. మీ మాటొక్కటే నమ్మాడు. ఈయనకి చెప్పండి."

అబూనా ముసలివారు, మోకాళ్ళు వంగవు. ఎవరో చెయ్యి అందించబోతే వద్దన్నారు. పెట్టె అంచు పట్టుకుని, ఒక్కొక్క మోకాలే దించి, నేలమీద కూర్చుని, తలవైపు పెట్టె మూతకి నోరు దగ్గరగా పెట్టారు. నేను పక్కనే ఉన్నాను. విన్నాను.

"అయ్యాద్... నాయనా... తప్పు లేదురా. నడుము నొప్పెడితే చేసుకో. ప్రార్థన చెప్పుకుంటూనే చేసుకో."

గలీలా వంగి చేత్తో మూత మీద తట్టింది.

"ఏమయ్యా, విన్నావా? అబూనా చేసుకోమంటున్నారు."

మళ్ళీ తట్టింది.